ఏడో సైజు, కుడి కాలు

పొద్దున్నే కార్ఖానా గంట మోగింది. ఆ మోత చెవుల్లోంచి దిగకముందే ఆ అమ్మాయి మేడ మెట్లెక్కి వచ్చి, అతని టేబుల్ మీద రెండు బూట్లు పెట్టి, "వేసుకోండి" అంది.

అతను కంప్యూటర్ వైపు చూశాడు, బూట్ల వైపు చూశాడు. ఆమె వైపు చూడడానికి ధైర్యం చాల్లేదు. తనది ఏడో సైజని ఆమెకెలా తెలిసిందో అర్థం కాలేదు. ఆమె ఉద్యోగమే వచ్చినవాళ్ల పాదాలు కొలిచి బూట్లు తొడగడం. గుమ్మంలో నిలబడ్డ మనిషిని కిందినుంచి పైకి చూడడం ఆమెకు అలవాటు. తన విషయంలో ఆ చూపు ఇంతవరకూ పైదాకా రాలేదన్నదే అతని బాధ.

మొదటి బూటు మెత్తగా ఎక్కింది. రెండోది మొరాయించింది. బొటనవేలు దూరాల్సిన చోట చిటికెనవేలికి సరిపడా సందే ఉంది. తోసి, లాగి, పళ్లు బిగించి తొడుక్కుని లేచి నిలబడ్డాడు. పాదాలు రెండూ ఒకే వైపు తిరిగి, యజమానిని వదిలేసి ఎటో వెళ్లిపోదామని కూడబలుక్కున్నట్టున్నాయి.

"రెండూ ఎడమవే" అన్నాడు.

"కదా. ఏడో సైజు నిండుగా ఉందని మీ కాగితం చెబుతోంది. నిండుగానే ఉంది. పై అర నుంచి కింది అర దాకా అన్నీ ఎడమవే. ఇవాళ నాలుగింటికి ఆసుపత్రిలో అయిదుగురు లేచి నడవాలి. అయిదుగురికీ కుడి బూటు కావాలి. ఏం తొడుక్కుని నడవమంటారు, మీ కాగితమా?"

అతను వంగి బూటు విప్పబోయాడు.

"విప్పకండి. కుడివి దొరికేదాకా అవే ఉండాలి మీ కాళ్లకి. సరిపోని బూటు ఎలా ఉంటుందో మీ లెక్కలక్కూడా కాస్త తెలియాలి."

అని, అతని సొంత బూట్లు చంకన పెట్టుకుని మెట్లు దిగి వెళ్లిపోయింది.

అది రెండు కాళ్లూ ఒకేలా లేనివాళ్లకు బూట్లు చేసే కార్ఖానా. ఒక పాదం చిన్నదీ ఒకటి పెద్దదీ అయినవాళ్లు వస్తారు. ప్రమాదంలో ఒక కాలు పోయి, కృత్రిమ కాలు పెట్టించుకున్నవాళ్లు వస్తారు. కృత్రిమ కాలికి బూటు దాంతోపాటే అమర్చి ఉంటుంది కాబట్టి, మిగిలిన అసలు కాలికి ఒక్క బూటు ఇస్తే చాలు. లోకమంతా బూట్లను జోళ్లు అంటుంది గానీ ఇక్కడ ఏ బూటుకా బూటు బ్రహ్మచారి. ఎడమది ఒక అరలో, కుడిది ఒక అరలో, ఒకే కప్పు కింద ఉంటూ మొహమొహాలు చూసుకోకుండా బతుకుతాయి. ఆ అమ్మాయీ అతనూ ఇంచుమించు అలాగే బతుకుతున్నారు. ఆమె కింద కొలతల గదిలో, అతను మేడ మీద కంప్యూటర్ గదిలో.

అతన్ని కార్ఖానాలో అందరూ క్వెరీ అంటారు. వచ్చిన కొత్తలో ఎవరేం అడిగినా 'ఒక్క క్వెరీ రాస్తే వచ్చేస్తుంది' అనేవాడు. స్టాకంతా దాచిన డేటాబేస్‌ను అడిగే ప్రశ్న పేరు క్వెరీ అట. ఆ ప్రశ్న పేరే అతని పేరయి కూర్చుంది. ఆమెకు అంతకుముందునుంచే కొర్రీ అని పేరు. తన చేతికి ఏ కాగితం వచ్చినా ఏదో ఒక తప్పు పట్టి వెనక్కి తిప్పి పంపుతుందని. క్వెరీకీ కొర్రీకీ ఏదో చుట్టరికం ఉండి తీరాలని తోలు కోసేవాళ్లూ, జిగురు పూసేవాళ్లూ కలిసి తేల్చేశారు. ఉంటే బాగుండునని అతనూ ఆశపడ్డాడు. కొర్రీ మాత్రం ఆ చుట్టరికాన్ని కూడా వెనక్కి తిప్పి పంపింది.

అతని ఆశకి ఇంకో అడ్డు, సరుకు వ్యాను. రోజూ సాయంత్రం ఆమె ఆ వ్యాను ముందు సీట్లో ఎక్కి కూర్చుని డ్రైవర్‌తో "పద బావా" అంటుంది. ఆ రెండు మాటలూ వినగానే వ్యాను కదిలేది. ఇతని గుండె మాత్రం గేరు పడక అక్కడే ఆగిపోయేది.

పోయిన వారం మీటింగులో ఆమె లేచి, ఏడో సైజులో కుడి బూట్లు లేవు, ఆసుపత్రి ఆర్డరుకు వెంటనే చేయించండి అంది. అతను తన కాగితం తీసి చూపించాడు. ఏడో సైజు బోలెడంత ఉందని ఉంది అందులో. అక్కడితో ఊరుకుని ఉంటే ఈ కథ ఉండేది కాదు. మంచి మాట ఒకటి నోటికొచ్చింది కదా అని వదిలేశాడు: "స్టాకు లేకపోవడం కాదండీ, వెతకడం రాకపోవడం." అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. కొత్త బూట్లు చేయించనక్కర్లేదని మేడమ్ తేల్చేసింది.

మేడమ్ అంటే కార్ఖానా యజమానురాలు. పుట్టుకతోనే ఆమె కుడి కాలు కాస్త పొట్టి. కుడి బూటు మడమ ఎడమదానికన్నా ఎత్తుగా ఉంటుంది. ఆమె నడుస్తుంటే టక్కు, టప్పు అని రెండు రకాల చప్పుళ్లు వస్తాయి. టక్కు వినగానే పనివాళ్లు సర్దుకుంటారు, టప్పు వినేసరికి పనిలో ఉంటారు.

ఇప్పుడు, రెండు ఎడమ బూట్లలో నిలబడి, అతను తన క్వెరీ తెరిచి చూసుకున్నాడు. స్టాకు పట్టికలో ఒక్కో బూటుకు ఒక్కో వరస ఉంది. సైజుకో కాలమ్, ఏ కాలిదో చెప్పే కాలమ్, ఏ చోట ఉందో చెప్పే కాలమ్. తను రాసింది మాత్రం ఒకే ముక్క: గ్రూప్ బై సైజు. సైజును బట్టి కుప్పలు పెట్టి లెక్క చెప్పు అని.

కంప్యూటర్ అంత అమాయకపు జీవి ఇంకోటి లేదు. ఒక్క కాలమ్ చూడమంటే ఒక్క కాలమే చూస్తుంది. ఎడమా కుడీ, ఇక్కడా అక్కడా అన్నీ కలిపి ఏడో సైజు పేరుతో ఒక్క కుప్ప పోసి, లెక్కపెట్టి, చేతులు కట్టుకుని నిలబడింది. లెక్క తప్పు కాదు. అడిగిన తీరు తప్పు. పట్టికలో కాలి కాలమ్ కళ్లముందే ఉన్నా, ఇతని బుర్రలో అది ఖాళీ కాలమ్.

అరికాళ్లు చల్లబడ్డాయి. అంత బిగుతు బూట్లలో కూడా.

టక్కు. టప్పు. మేడమ్ గుమ్మంలో నిలబడింది. వెనకాల కొర్రీ.

"ఈ అమ్మాయి నీ కాగితం తప్పంటోంది. కరెక్టేనా, కాదా?"

ఈ నెలాఖరుకి అతని ఉద్యోగం పర్మనెంట్ చేయాలో వద్దో మేడమ్ తేల్చాలి. నిజం నాలుక చివరిదాకా వచ్చి, మేడమ్ మొహం చూసి, వచ్చిన దారినే వెనక్కి వెళ్లిపోయింది.

"కరెక్టే మేడమ్."

మేడమ్ ఆమె వైపు తిరిగింది. "మరి కుడి బూట్లు ఎక్కడికి పోయినట్టు? అరల్లోని స్టాకు నీ చేతిలోనే ఉందని సంతకం పెట్టింది నువ్వు. ఆ అయిదుగురి ఇళ్లవాళ్లూ నాలుగింటికి వచ్చి కూర్చుంటారు. వాళ్లు నడవకపోతే రేపటినుంచి నువ్వు రానక్కర్లేదు."

ప్రతిదానికీ కొర్రీ వేసే మనిషి దానికి మాత్రం వేయలేదు. "నడుస్తారు మేడమ్" అని ఊరుకుంది. ఆమె తిట్టి ఉంటే అతను తట్టుకునేవాడు.

వాళ్లు వెళ్లగానే క్వెరీ సరిచేశాడు. గ్రూప్ బై సైజు, కాలు, చోటు. ఇప్పుడు కంప్యూటర్ మూడూ కలిపి చూసింది. మూడూ ఒకటైన బూట్లే ఒక కుప్ప, ఒక్కటి తేడా వచ్చినా వేరే కుప్ప. ఏడు, ఎడమ, కార్ఖానా: ఒక వరస. ఏడు, కుడి, ఏటి అవతల గోడౌన్: ఇంకో వరస. అవతల గోడౌన్‌కి వచ్చేవాళ్లకి ఎడమ బూట్లే ఎక్కువ అవసరపడ్డాయి. కుడివి అక్కడ మిగిలిపోయాయి. ఇవతల సరిగ్గా దానికి తిరగేసి జరిగింది.

ఆ కాగితం పట్టుకుని మెట్లు దిగాడు. దిగాడు అనడం మర్యాద కోసం. కుడి కాలు ప్రతి మెట్టు మీదా అడ్డం తిరిగింది. కాగితం చూడగానే ఆమె గోడౌన్‌కి ఫోన్ చేసింది. మధ్యాహ్నం సరుకు వ్యాను తిరిగొచ్చేదాకా చేస్తూనే ఉంది, ఎవరూ ఎత్తలేదు.

"బావా, వ్యాను తియ్యి."

"నేనూ వస్తాను" అన్నాడతను.

"మీరెందుకు?"

"నా బూట్లు మీ దగ్గరున్నాయి కదండీ."

ముగ్గురూ ముందు సీట్లోనే. ఆమె కిటికీ పక్కన, అతను గేరు కర్రకీ ఆమెకీ మధ్య. బావ గేరు మార్చినప్పుడల్లా అతను ఆమె వైపు జరగాల్సి వచ్చింది, ఆమె కిటికీ వైపు జరిగింది. పాదాలు రెండూ డ్రైవర్ వైపే తిరిగి ఉన్నాయి. బావ వాటికేసి ఒకసారి, అతని మొహంకేసి ఒకసారి చూశాడు.

"ఏం క్వెరీగారూ, కాళ్లు నా వైపు, కళ్లు మా మరదలి వైపునా?"

మరదలు. ఆ మాటతో అతని మిగిలిన ఆశ కూడా వ్యాను దిగి నడుచుకుంటూ వెళ్లిపోయింది. ఆమె వినిపించుకోనట్టు కొత్త కాగితం మీదికి వంగింది.

రైల్వే గేటు దగ్గర వ్యాను ఆగిపోయింది. గేటు అప్పుడే పడింది. గూడ్సు బండి వస్తోంది, వస్తూనే ఉంది, దానికి ఇంజనేగానీ తోక ఉన్నట్టు లేదు. వాన మొదలైంది. ముందు అద్దం మీద నాలుగు చినుకులు విడివిడిగా పడ్డాయి, తర్వాత అన్నీ ఒక్క కుప్పగా.

"ఏడు, కుడి, కార్ఖానా అని వెతుకుతున్నాను. దొరకడం లేదు. సున్నా అని కూడా రాయలేదేం ఇందులో?" అందామె.

ఉన్నవాటినే గ్రూపు చేస్తుందనీ, ఒక్క బూటైనా లేని కుప్పకు అసలు వరసే రాదనీ అతను చెప్పాడు.

"ఓహో. లేనివాళ్ల ఊసే ఎత్తదన్నమాట." ఆమె వేలు కాగితం మీద కొంచెం పక్కకి జరిగి ఆగింది. "సరే. ఈ కాలమ్, ఈ పక్క కాలమ్, ఈ రెండూ పోయిన వారం కాగితంలో లేవు."

గూడ్సు పెట్టెలు ఒకదాని వెనక ఒకటి దడదడమంటున్నాయి. చెప్పడానికి అంతకన్నా మంచి సమయం ఉండదు. చెప్పింది సగం వినపడదు కూడా.

"సిస్టమ్ అప్‌డేట్ అయిందండీ" అన్నాడు, తన బూట్లకేసి చూస్తూ.

ఆమె కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి బ్యాగులో వేసుకుంది. "అలాగా" అంది. ఆ ఒక్క మాట ముందు గూడ్సు బండి బరువు బలాదూర్.

ఇంతలో బావ ఫోన్ మోగింది. అద్దం తుడుస్తూనే స్పీకర్ నొక్కాడు. ఒక ఆడగొంతు దబాయిస్తూ దిగింది. చెల్లి పొద్దున టిఫిన్ తినకుండా పరుగెత్తిందనీ, దానికి ఏదైనా కొనిపెట్టమనీ, గొడుగులు రెండూ ఇంట్లోనే మర్చిపోయారనీ. "దాన్ని తిట్టకండి, అసలే టెన్షన్‌లో ఉంది. మీ కొడుకు చూడండి, చెప్పు ఒకటి నీళ్ల తొట్లో వేశాడు."

బావ, అలాగేనే, వస్తానే అంటూ ఫోన్ పెట్టేశాడు.

క్వెరీకి జ్ఞానోదయం కావడానికి గూడ్సు బండి తోక పెట్టె దాటేంత సేపు పట్టింది. బావ అనే కుప్పలో మేనమామ కొడుకూ ఉంటాడు, అక్క మొగుడూ ఉంటాడు. ఇన్నాళ్లూ ఒక్క కాలమ్ చూసి కుమిలిపోయాడు. ఇంకో సమయంలో అయితే వ్యాను దిగి గంతులు వేసేవాడే. ఇప్పుడు మాత్రం సీట్లోంచి కదల్లేదు. అడ్డు తొలగిపోయిన చోటే తను ఇప్పుడే ఒక అబద్ధాన్ని తెచ్చి నిలబెట్టాడు.

గోడౌన్‌కి తాళం. వాచ్‌మన్ ఎక్కడో తింటున్నాడు. బావ అతన్ని వెతకడానికి వెళ్లాడు. వాళ్లిద్దరూ రేకుల చూరు కింద నిలబడ్డారు. చూరు నీళ్లు వాళ్ల ముందు తెర దించినట్టు కారుతున్నాయి. ఆమె గడియారం చూసుకోవడం, అతను ఆమెను చూడకుండా ఉండడం, రెండూ కష్టంగానే సాగుతున్నాయి.

"నా తప్పు కూడా ఉంది" అందామె ఉన్నట్టుండి. "ఇక్కడికి ఒక్క ఫోన్ చేసుంటే పోయేది. నా అరల్లో లేకపోయేసరికి లోకంలోనే లేవనుకున్నాను. మీటింగులో అంత గట్టిగా అన్నాను కూడా."

తప్పు చేయనివాళ్లు తమ వంతు వెతికి మరీ ఒప్పుకుంటుంటే, చేసినవాడికి నిలబడడానికి నేల ఉండదు. "అది కాదండీ, నిజానికి" అని అతను మొదలెట్టాడు. తాళాలు గలగలలాడాయి. వాచ్‌మన్ మూతి తుడుచుకుంటూ వచ్చేశాడు.

లోపల, మూల అరలో, ఏడో సైజు కుడి బూట్లు వరసగా నిద్రపోతున్నాయి. ఆమె ఒక్కొక్కటి తీసి, లోపల చెయ్యి పెట్టి కుట్టు తడిమి, పెట్టెల్లో పెట్టింది. తర్వాత అతని కాళ్లకేసి చూసింది.

"దొరికాయిగా. ఇక విప్పేయండి. మీవి వ్యానులో ఉన్నాయి."

"నాలుగింటిదాకా ఉండనివ్వండి."

"అదేం పిచ్చి? కాలు వాచిపోతుంది."

"వాచనివ్వండి."

ఆమె చూపు బూట్ల దగ్గర మొదలై, మోకాళ్లు దాటి, తడిసిన చొక్కా దాటి, మొదటిసారి అతని మొహం దాకా వచ్చి అక్కడ ఆగింది. ఇన్నాళ్లూ ఆ చూపు కోసమే ఎదురుచూసిన మనిషి, అది రాగానే తల దించుకున్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు వంతెన మీద లారీ ఒకటి చెడిపోయి ఉంది. వ్యాను అంగుళం కదలడం లేదు. ఆసుపత్రి భవనం ఏటి ఒడ్డున కనబడుతూనే ఉంది. "మీరు దిగి పరుగెత్తండి, నేను తర్వాత వస్తాను" అన్నాడు బావ. ఆమె దిగింది. పెట్టెలన్నీ ప్లాస్టిక్ సంచిలో కట్టుకుని అతనూ దిగాడు.

ఆ పరుగు చూసినవాళ్లు చాలాకాలం చెప్పుకుని ఉంటారు. ముందు ఒక అమ్మాయి, దుపట్టా నడుముకి చుట్టుకుని. వెనక ఒక యువకుడు, సంచి గుండెలకు హత్తుకుని, ఒక కాలు ముందుకీ ఇంకోటి పక్కకీ వేస్తూ. రెండుసార్లు పడబోయి నిలదొక్కుకున్నాడు. మూడోసారి పడేవాడే. ఆమె వెనక్కి వచ్చి మోచెయ్యి పట్టుకుంది. సంచి కోసమో, మనిషి కోసమో తెలియలేదు. ఆసుపత్రి గుమ్మం దాకా మాత్రం వదల్లేదు.

పెద్ద హాలు. మధ్యలో పట్టుకుని నడవడానికి రెండు పక్కలా పొడవాటి చెక్క కడ్డీలు. గోడ వారగా బల్లల మీద ఇళ్లవాళ్లు. కుర్చీల్లో అయిదుగురు, ప్రతి ఒక్కరి ఎడమ కృత్రిమ కాలికీ కొత్త బూటు మెరుస్తోంది, కుడి పాదం బోసిగా ఉంది. డాక్టరు గోడ గడియారం కిందే నిలబడి ఉన్నాడు. ఆయన పక్కన మేడమ్.

కొర్రీ తల తుడుచుకోకుండానే మోకాళ్ల మీద కూర్చుంది. ఒక్కొక్కరి పాదం చేతిలోకి తీసుకుని, మడమ వెనక బూటు తొడిగే రేకు దూర్చి, బూటు ఎక్కించి, బొటనవేలి దగ్గర తన బొటనవేలితో నొక్కి చూసి, "లేవండి" అంది. మొదట లేచినాయన ఒకప్పుడు బస్సు కండక్టరు. కడ్డీలు పట్టుకుని నిలబడ్డాడు. ఆయన కుడి కాలు ముందుకేసి, దానికేసి చూసుకుని, చాలాకాలంగా వాడని గొంతుతో అన్నాడు:

"రైట్, రైట్."

బల్లల మీద నవ్వూ ఏడుపూ ఒకేసారి లేచాయి. ఒకరి వెనక ఒకరు అయిదుగురూ నడిచారు.

టక్కు. టప్పు. మేడమ్ వచ్చింది.

"గోడౌన్‌లో ఉన్నాయన్నమాట. సరుకు ఎక్కడుందో నీకే తెలియకపోతే ఇక సంతకం ఎందుకు? పనిలోంచి తీసేయను. కానీ రేపటినుంచి స్టాకు నీ చేతిలో ఉండదు. జిగురు గదిలో కూర్చో."

కొర్రీ బ్యాగులో నాలుగు మడతల కాగితం ఉంది. తీసి చూపిస్తే సరిపోతుంది. తీయలేదు. అతని వైపు కూడా చూడలేదు.

"మేడమ్" అన్నాడతను. "తప్పు ఆవిడది కాదు. నా కాగితం తప్పు. పొద్దున మీరడిగినప్పటికే నాకు తెలుసు. తెలిసే కరెక్టన్నాను."

మేడమ్ అతన్ని కిందినుంచి పైకి చూసింది. రెండు ఎడమ బూట్ల దగ్గర చూపు కాసేపు తట్టుకుంది. "ఏం తప్పు? నాకర్థమయ్యేలా చెప్పు."

అతను గుక్క తిప్పుకున్నాడు. "మీ రెండు బూట్లూ ఆరో సైజే మేడమ్. సైజు ఒక్కటే అడిగి ఎవరైనా మీకు రెండు బూట్లిస్తే మీరు నడవలేరు. ఏ కాలికి, మడమ ఎంత ఎత్తు అని కూడా అడగాలి. నేను సైజు ఒక్కటే అడిగాను. ఎడమా కుడీ కలిసిపోయాయి, ఇక్కడివీ అక్కడివీ కలిసిపోయాయి. కుడివి ఇక్కడ లేవని ఈవిడ పోయిన వారమే చెప్పింది. నేను నవ్వులాటగా కొట్టేశాను."

మేడమ్ తన బూట్లకేసి చూసుకుంది.

"సైజు ఒక్కటే అడిగే దుకాణాలతో విసిగిపోయి నేనీ కార్ఖానా పెట్టాను" అంది మెల్లిగా. "నా నెత్తిన కూర్చుని, నువ్వూ సైజు ఒక్కటే అడిగావన్నమాట."

అతను తల వంచుకున్నాడు. పర్మనెంట్ మాట మర్చిపొమ్మని అంటుందనుకున్నాడు. ఆ మాట ఇంకో ఏడాది తర్వాత చూద్దామంది. అప్పటిదాకా అతని ఏ కాగితమైనా సరే, ఆ అమ్మాయి చూసి సంతకం పెట్టాకే బయటికి రావాలంది. ఆ తర్వాత కొర్రీ వైపు తిరిగి, జిగురు గది మాట వెనక్కి తీసుకుంటున్నానంది. "క్షమించమనడం నాకు చేతకాదు. ఆకలితో ఉన్నట్టున్నావు, పద, ఏదైనా తిను" అని, టక్కు టప్పుమంటూ ముందు నడిచింది.

కొర్రీ వెళ్లలేదు. హాలు ఒక్కొక్కరుగా ఖాళీ అయింది. కిటికీ బయట వాన సన్నబడింది.

"కూర్చోండి" అంది, ఖాళీ కుర్చీ చూపించి.

కూర్చున్నాడు. ఆమె మోకాళ్ల మీద కూర్చుని అతని కుడి కాలి బూటు లాగేసింది. బొటనవేలు పొక్కి ఎర్రగా ఉంది. సంచిలో చెయ్యి పెట్టి ఇంకో పెట్టె తీసింది. ఏడో సైజు. కుడి.

"అయిదు చాలు కదా. ఆరో పెట్టె ఎందుకు తెచ్చారు?" అన్నాడతను.

"మీరు నిజం చెబితే వేద్దామని."

"మీకెప్పుడు తెలిసింది?"

"గేటు దగ్గర. సిస్టమ్ అప్‌డేట్ అయిందన్నప్పుడు నా మొహం చూడలేదు, బూట్లు చూశారు."

"మరి మేడమ్‌కి చెప్పలేదేం? కాగితం మీ దగ్గరే ఉంది కదా."

ఆమె మడమ వెనక రేకు దూర్చింది. "మీరు చెప్పకపోతే నేను చెప్పేదాన్ని కాదు. కానీ ఈ బూటు తొడిగేదాన్నీ కాదు."

బూటు మెత్తగా, హాయిగా, ఇంటికి చేరినట్టు ఎక్కింది. ఆమె బొటనవేలితో నొక్కి చూసింది. అయిదుగురి దగ్గరా వెంటనే తీసిన వేలు ఇక్కడ తీయలేదు.

"ఇంకో తప్పు కూడా ఒప్పుకోవాలి" అన్నాడు. "వ్యాను బావని నేను వేరే బావ అనుకున్నాను. ఇన్నాళ్లూ మీ దగ్గరికి వచ్చి ఒక్క మాట అడగలేకపోయింది అందుకే."

ఆమె తల ఎత్తకుండానే నవ్వింది. "ఏం మాట?"

అతను చెప్పాలని నోరు తెరిచాడు. హాలు తలుపు దగ్గర తడి టోపీ దులుపుకుంటూ బావ ప్రత్యక్షమయ్యాడు. కుర్చీనీ, మోకాళ్లనీ, బూటునీ ఒక చూపులో లెక్కపెట్టేశాడు.

"ఏమ్మా, మా తోడల్లుడికి బూటు సరిపోయిందా?"

క్వెరీ చెవులు ఎర్రబడ్డాయి. ఆమెకు అలవాటైన పని ఒక్కటే, ఎవరేమన్నా తప్పు పట్టి వెనక్కి పంపడం. ఎదురుచూశాడు. కొర్రీ పడలేదు.

"ఇంకా నడిచి చూపించలేదు బావా. అక్కకి ఇప్పుడే ఫోన్ చెయ్యకు" అని లేచి, రెండు కడ్డీల మధ్య నడుచుకుంటూ అవతలి చివరికి వెళ్లి నిలబడింది.

"లే. నడిచి చూపించు."

కుర్చీకీ కడ్డీలకీ మధ్య ఎక్కడో 'అండీ' జారిపోయినట్టుంది. వెతకడానికి వెనక్కి వెళ్లే ఉద్దేశం ఇద్దరికీ లేదు.

"ఎక్కడిదాకా?" అన్నాడతను లేస్తూ.

"ఇక్కడిదాకా."